కలప మూలుగు

సీవర్ట్‌కి ఓడ మునగడం కొత్త కాదు. యుద్ధం మొదలయ్యాక రెండు ఓడలు అతని కాళ్ళ కింద నుంచే పోయాయి. రెండుసార్లూ తేలాడు. "సముద్రానికి నా రుచి పడలేదురా, నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది" అని నవ్వేవాడు. మూడోసారి అది ఉమ్మనూ లేదు, మింగనూ లేదు. ఆ సంగతే చెబుతాను.

మా ఓడ పేరు రావ్నోయ్. నార్వే జెండా కింద తిరిగే ముసలి ఆవిరి ఓడ. నేను దాంట్లో వడ్రంగిని, నా పేరు ఆముండ్. హాల్వర్ మేట్, అంటే కెప్టెన్ తరవాత అంతటివాడు. సీవర్ట్ రెండో ఇంజనీరు. ముగ్గురం స్కార్‌హోల్మ్ దీవి వాళ్ళమే. ఒకటే బడి, ఒకటే చర్చి, ఒకటే రేవు. హాల్వర్ చెల్లెలు తోరాని సీవర్ట్ పెళ్ళాడాడు. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ బావా బావా అనుకునేవారు. పెళ్ళయిన మరుసటేడే జర్మన్లు మా దేశం మీద పడ్డారు. అప్పుడు మేం ముగ్గురం సముద్రం మీద ఉన్నాం. ఇంటిదారి మూసుకుపోయింది. ఉత్తరం పోదు, ఉత్తరం రాదు. ఇక బ్రిటన్ వాళ్ళకి సరుకు మోస్తూ అట్లాంటిక్‌లో అటూ ఇటూ తిరుగుతూ ఉండిపోయాం.

నలభై రెండో సంవత్సరం మార్చిలో కెనడాలో కలప ఎక్కించుకున్నాం. ఓడ కడుపు నిండా పలకలు, దూలాలు. అవి చాలక డెక్కు మీద కూడా రెండు నిలువుల ఎత్తు పేర్చి గొలుసులతో బిగించారు. మాకు సంతోషమే. ఇనుము మోసే ఓడకి దెబ్బ తగిలితే చొక్కా వేసుకునేంత వ్యవధి కూడా ఉండదు. కలప ఓడ బెండులా తేలుతుంది.

ఓడలన్నీ బారులు బారులుగా నడుస్తాయి, చుట్టూ కాపలా ఓడలు. మాది ఒక బారులో ఆఖరి ఓడ. ఏ ఓడకి దెబ్బ తగిలినా పక్క ఓడ ఆగకూడదు, అది ఖచ్చితమైన హుకుం. బారు చివర ఉన్న ఓడ మాత్రం, వీలైతే, నీళ్ళలో పడ్డవాళ్ళని ఏరుకోవచ్చు. మా పక్క బారు చివర గోధుమలు మోసే ఇంగ్లీషు ఓడ ఒకటుండేది. నడి సముద్రానికి వచ్చాక ఒక సాయంకాలం ముందున్న చమురు ఓడ పేలిపోతే ఆ ఇంగ్లీషు ఓడ ఆగింది. పక్కన వల వేలాడదీసి, నల్లగా నూనె కారుతున్న మనుషుల్ని పైకి లాగుతోంది. మేం దాన్ని దాటిపోతూ అది చూశాం, చేతులూపి కేకలేశాం కూడా. మా కేకలు ఇంకా నోట్లోనే ఉన్నాయి, టార్పెడో వచ్చి దాని నడుం విరిచేసింది. లాగినవాళ్ళు, లాగించుకున్నవాళ్ళు, అందరూ ఒక్కసారే పోయారు.

ఆ పూట భోజనాల దగ్గర ఎవరికీ ముద్ద దిగలేదు. సీవర్టే నోరు విప్పాడు.

"పాపం, మంచివాడురా ఆ కెప్టెన్. ఆగాడు."

"మంచివాడు గనకే అంతమందిని చంపాడు" అన్నాడు హాల్వర్, ఉప్పుచేప ముల్లు తీసుకుంటూ.

"నువ్వయితే ఆగవా బావా?"

"ఆగను."

"నీళ్ళలో నేనున్నా?"

"నువ్వుంటే అసలే ఆగను. మా చెల్లికి పీడ వదులుతుంది."

అందరం పగలబడి నవ్వాం. అందరికంటే ఎక్కువ సీవర్టే నవ్వాడు. హాల్వర్ అలాంటి మనిషే. పొడి మనిషి. నవ్వించినా తను నవ్వడు. కానీ ఓడలో ఎవడికి జ్వరం వచ్చినా వాడి కాపలా తను కాసేవాడు. అందుకని హాల్వర్ మాటలు ఎవరూ పట్టించుకునేవాళ్ళం కాదు.

తెల్లవారుతుండగా మాకు తగిలింది.

ఎడమ పక్క, ఇంజను గది మీద. ఆ పూట కింద పనిలో ఉన్నవాళ్ళలో ఒక్కడూ పైకి రాలేదు. డెక్కు మీద కలప గొలుసులు తెంచుకుని కొండచరియలా జారింది. కెప్టెన్ ఐవర్సన్ ఎడమవైపు పడవ దింపిస్తున్నాడు. ఆ దూలాలు ఆయన్నీ, పడవనీ, అందులో ఎక్కినవాళ్ళనీ కలిపి తీసుకుపోయాయి. కుడివైపు పడవ ఒక్కటే మిగిలింది. అందులో పట్టేదానికన్నా ఎక్కువమందిమే ఎక్కాం. కొందరికి ఒళ్ళు కాలింది, కొందరికి ఎముకలు విరిగాయి. ఒకడు చలికి పళ్ళు టకటకలాడిస్తూ వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. మా బారులు అప్పటికే దూరంగా పొగలా కనిపిస్తున్నాయి. ఓడ మాత్రం, మేం అనుకున్నట్టే, మునగలేదు. వెనకభాగం కుంగి, నీళ్ళ మీద పడుకున్నట్టు ఉండిపోయింది.

అప్పుడు ఓడ పక్కనుంచి ఇనుం మీద ఇనుం కొట్టిన చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే గుండ్రటి కిటికీలోంచి సీవర్ట్ తల బయటకొచ్చి ఉంది.

"ఏరా, నన్నొదిలేసి షికారు పోతున్నారా?" అన్నాడు.

అతను పని దిగి తన గదిలో పడుకున్నాడు. దెబ్బకి తలుపు చట్రం వంకరపోయింది. బయట నడవలో కలప కూరుకుపోయింది. ఉన్న దారల్లా ఆ కిటికీ. అది మనిషి తల పట్టేంత ఉంటుంది, భుజాలు పట్టేంత ఉండదు.

పడవని కిటికీ కిందికి తెచ్చాం. ఓడ కుంగింది కాబట్టి నిలబడితే చెయ్యి అందుతోంది. హాల్వర్, నేను ఓడెక్కి లోపలి నుంచి ప్రయత్నించాం. నడవలో నడుం లోతు నీళ్ళు. పలకలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, వాటి మధ్య రేకు గోడ ముడతలు పడి ఉంది. గొడ్డలితో నరికాను. ఒక దూలం తీస్తే పైనుంచి రెండు జారుతున్నాయి. గునపం పెట్టి ఎత్తాం. హాల్వర్ అరచేతులు చీరుకుపోయాయి. అయినా వదల్లేదు. అవతల్నుంచి సీవర్ట్ తలుపు బాదుతూ, "ఆముండ్, ఎడమ పక్క కొట్టరా, మడత బందులు అటున్నాయి" అని చెబుతున్నాడు. మాకు తలుపే కనిపించడం లేదు.

మళ్ళీ పడవలోకి దిగాం. సీవర్ట్ అప్పటికి ఇంకో ఉపాయం ఆలోచించాడు.

"బట్టలన్నీ విప్పేస్తా. గ్రీజు డబ్బా ఉంది ఇక్కడ. ఒళ్ళంతా పూసుకుని ఒక చెయ్యి ముందు పెడతా. మీరు లాగండి. దూడని లాగినట్టు లాగండి."

అలాగే చేశాడు. ఆ మార్చి చలిలో, మంచు చినుకుల్లో, నల్లటి గ్రీజు పూసుకున్న చెయ్యీ తలా ఒక భుజమూ బయటికొచ్చాయి. హాల్వర్, నేను, ఇంకొకడు కలిసి చెయ్యి పట్టుకుని లాగాం. "లాగండ్రా, ఇంకా లాగండి" అంటున్నాడు. లాగాం. లోపల ఏదో పుటుక్కుమంది. అతను వేసిన కేకకి నా పట్టు జారిపోయింది. భుజం కీలు ఊడింది. ఇప్పుడతను ముందుకీ రాడు, వెనక్కీ పోడు. కిటికీ చట్రంలో బిగుసుకుపోయి, ఊపిరాడక, ముఖం నల్లబడుతోంది. ఇక చేసేది లేక ఆ ఊడిన భుజం మీదే చెయ్యి పెట్టి వెనక్కి తోశాం. తోసింది హాల్వరే. నేను కళ్ళు మూసుకున్నాను.

కాసేపటికి మళ్ళీ కిటికీలో ముఖం కనిపించింది. చెమటలు పట్టి ఉంది.

"మా అమ్మ నన్నింకాస్త సన్నగా కనాల్సింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

హాల్వర్ సిగరెట్టు వెలిగించి అతని పెదాల మధ్య పెట్టాడు. సగం కాలాక సీవర్ట్ అన్నాడు: "నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి బావా."

"పెరుగుతున్నాయా?"

"పెరుగుతున్నట్టే ఉంది. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు. మాట్లాడుతూ ఉండు. ఒక్కణ్ణి వదిలేసి పోకు."

"ఉంటాను."

అప్పుడే ఓడకి అవతలి పక్కనుంచి సైరను కూసింది. కాపలా ఓడ ఒకటి మమ్మల్ని వెతుక్కుంటూ వెనక్కి వచ్చింది.

పడవలో ఉన్నవాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. సీవర్ట్‌కీ అంతే. "యుద్ధ ఓడరా! వాళ్ళ దగ్గర ఇనుం కోసే మంట ఉంటుంది. వెళ్ళి తీసుకురా బావా, పరుగెత్తు!"

"తీసుకొస్తా" అన్నాడు హాల్వర్. "తల లోపల పెట్టుకుని కాస్త వెచ్చగా ఉండు."

తెడ్లు వేసుకుంటూ ఓడ చుట్టూ తిరిగి అవతలికి వచ్చాం. కాపలా ఓడ దగ్గరికొచ్చినా పూర్తిగా ఆగలేదు, మెల్లగా జరుగుతూనే ఉంది. దాని మీద చాలామంది కుర్రాళ్ళు, ముఖాలు పాలిపోయి ఉన్నాయి. పైనుంచి దాని కెప్టెన్, గడ్డం సరిగా రాని మనిషి, గొట్టం నోటికి పెట్టుకుని ఇంగ్లీషులో అరిచాడు.

"జలాంతర్గామి ఇక్కడే ఉంది! కింద దాని చప్పుడు మాకు వినిపిస్తోంది! గబగబా ఎక్కండి! మీ ఓడలో ఇంకెవరైనా ప్రాణాలతో ఉన్నారా?"

హాల్వర్ పడవలో లేచి నిలబడ్డాడు. నేనతని పక్కనే ఉన్నాను. అతని ముఖం చూశాను. అందులో ఏమీ కనిపించలేదు. పడవలో ఉన్న మమ్మల్ని ఒకసారి చూశాడు. తరవాత కాపలా ఓడ మీద వరసగా నిలబడ్డ కుర్రాళ్ళని చూశాడు. దోసిళ్ళు నోటికి అడ్డుపెట్టి, ఆ చీరుకుపోయిన దోసిళ్ళే, గట్టిగా అరిచాడు.

"లేరు! ఎవరూ లేరు! అందరం ఇక్కడే ఉన్నాం!"

ఎంత గట్టిగా అరిచాడంటే అది ఓడకి తగిలి తిరిగొచ్చింది. రావ్నోయ్ గోడలు పల్చటి రేకులు. అవతలి గదిలో ఉన్న మనిషికి ఆ ప్రశ్నా వినపడింది, జవాబూ వినపడింది. సీవర్ట్‌కి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు.

తరవాత మొదలైంది. ముందు తలుపు బాదుడు. తరవాత పిలుపు. "హాల్వర్! హాల్వర్!" బావా అనలేదు, పేరు పెట్టే పిలిచాడు. చివరికి మాటలు పోయి ఉత్త అరుపే మిగిలింది.

పడవలో బొగ్గుపని కుర్రాడొకడు రెండు చెవులూ మూసుకుని ఏడవడం మొదలుపెట్టాడు. "ఉన్నాడని చెబుదాం" అని లేవబోయాడు. హాల్వర్ వాడి మెడ పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఎవడన్నా నోరు విప్పాడో, నా చేత్తో నీళ్ళలోకి తోస్తా" అన్నాడు నెమ్మదిగా. "నిన్నటి ఇంగ్లీషు ఓడ మర్చిపోయారా? చెబితే ఈ కెప్టెన్ ఆగుతాడు. ముఖం చూస్తే తెలీడం లేదూ, ఆగే రకం."

వల పట్టుకుని పైకెక్కాం. గాయపడ్డవాళ్ళని తాళ్ళతో లాగారు. ఎక్కేటప్పుడు నాకు చెయ్యిచ్చిన నావికుడు చెవి రిక్కించి రావ్నోయ్ వైపు చూశాడు.

"ఏంటా చప్పుడు? ఎవరో అరుస్తున్నట్టుంది?"

"కలప" అన్నాడు హాల్వర్, నా వెనక నుంచి. "దూలాలు రాసుకుంటున్నాయి. కలప ఓడ మునిగేముందు అలాగే మూలుగుతుంది."

ఆ నావికుడు తలూపాడు. నిజంగా నమ్మాడో లేదో నాకు తెలీదు.

వదిలేసిన ఓడని తేలనివ్వకూడదు, చీకట్లో ఇంకో ఓడ గుద్దుకుంటుంది. అందుకని దాన్ని ముంచమని గడ్డం రాని కెప్టెన్ ఫిరంగి దగ్గరివాళ్ళకి చెప్పాడు. మాకు వేడి కోకో, రమ్ము పోసి దుప్పట్లు కప్పారు. హాల్వర్ కప్పు అందుకోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి ప్రతి గుండూ చూశాడు. ఎడమ పక్కన నీళ్ళ మట్టానికి కొట్టారు. పలకలు ముక్కలై గాల్లోకి లేచాయి. ఓడ ఊగింది గానీ మునగలేదు. ఫిరంగి గుండ్ల మధ్య చప్పుడు వినిపించిందా అంటే, నేను వినకుండా ఉండాలని కోకో గడగడా తాగుతున్నాను. నాలుక కాలింది.

ఇంతలో కింద జలాంతర్గామి కదిలినట్టు తెలిసింది. కాపలా ఓడ ఫిరంగి ఆపి దాని వెంట పడింది. నీళ్ళలోకి పేలుడుమందు పీపాలు దొర్లించింది, సముద్రం లేచి పడింది. ఏమీ పైకి రాలేదు. మళ్ళీ రావ్నోయ్ దగ్గరికి పోయే తీరిక లేక బారుల వెంట పరుగు తీసింది. వెనక్కి చూస్తే మా ఓడ అలాగే పడుకుని ఉంది.

గ్లాస్గోలో దిగాం. అక్కడి మా నార్వే కచేరీలో హాల్వర్ చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పాడు. కెప్టెన్‌తో మొదలుపెట్టి సీవర్ట్‌తో ముగించాడు. "ఎలా పోయాడు?" అని అడిగితే, "ఓడతో" అన్నాడు. ఆ పేర్లు స్వీడన్ మీదుగా మా దేశంలోకి చేరవేసే ఏర్పాటు ఒకటుండేది. కొన్ని చేరేవి, కొన్ని చేరేవి కావు.

ఇంకో ఓడ కోసం నావికుల సత్రంలో పడుకుని ఎదురుచూస్తున్నాం. వసంతం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం చేపల కూర తింటుండగా కచేరీ మనిషొకడు నవ్వుతూ వచ్చాడు, శుభవార్తంటూ. ఐస్‌లాండ్ వాళ్ళ లాగుడు పడవ ఒకటి తేలుతున్న కలప ఓడని పట్టుకుని రేవుకి ఈడ్చుకొచ్చిందట. కలప కోసం డెక్కెక్కి నడుస్తుంటే కాళ్ళ కింద ఎవరో కొట్టారట. కోసి తీస్తే మనిషి. బతికే ఉన్నాడు.

గదిలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయట. పరుపు తడిసి ముద్దైతే, పైనున్న సామాను అరమీదికెక్కి ముడుచుకున్నాడట. కిటికీ చట్రం మీది మంచు నాకాడట. ఆ గ్రీజు జంతువుల కొవ్వే, డబ్బా మొత్తం తినేశాడట. పాదాలు మాత్రం అప్పటికే కుళ్ళిపోయాయి. రెండూ తీసేశారు.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. హాల్వర్ తన కంచంలోది మొత్తం తిన్నాడు. లేచి వెళ్ళి, పొద్దున్నే గీసుకున్న గడ్డం మళ్ళీ గీసుకుని వచ్చి కూర్చున్నాడు.

సీవర్ట్‌ని గ్లాస్గో ఆసుపత్రికి తెచ్చారని తెలిశాక నేను వెళ్దామన్నాను. రాడేమో అనుకున్నాను. వచ్చాడు. కిటికీ పక్క మంచంలో సీవర్ట్ కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. మా ఇద్దర్నీ చూసి దుప్పటి సర్దుకున్నాడు.

"కూర్చో ఆముండ్" అన్నాడు నాతో. హాల్వర్‌ని కూర్చోమనలేదు. అతను నిలబడే ఉన్నాడు.

"కలప మూలుగుతోందని చెప్పావట. ఇక్కడికొచ్చిన ఆ కాపలా ఓడ నావికుడొకడు చెప్పాడు. ఏంటా చప్పుడని అడిగినవాడే."

"చెప్పాను."

"నా గొంతు నీకు కలపలా వినపడిందా?"

"లేదు. నీ గొంతేనని తెలుసు."

"నీ పేరు పిలిచాను."

"విన్నాను."

సీవర్ట్ అతన్ని కాసేపు అలాగే చూశాడు. అబద్ధమాడతాడని, కాళ్ళ మీద పడతాడని ఎదురుచూసినట్టున్నాడు. పడటానికి అక్కడ కాళ్ళు లేవు.

"మళ్ళీ అలాంటిదే వస్తే?"

"మళ్ళీ అదే చెబుతాను" అన్నాడు హాల్వర్. "పడవలో వాళ్ళున్నారు. కాపలా ఓడలో వాళ్ళున్నారు. నువ్వొక్కడివి."

"ఆ లెక్క నేనూ వేశాలే అరమీద కూర్చుని. పని లేదుగా. ఎన్నిసార్లు వేసినా నీ లెక్కే సరిగ్గా వస్తోంది." ఉన్నట్టుండి గొంతు పెంచాడు. "మరి తీసుకొస్తానని ఎందుకు చెప్పావురా? పోతున్నానని చెప్పి పోవాల్సింది. తల లోపల పెట్టుకుని వెచ్చగా ఉండమన్నావు. నేను మంట వస్తుందని చట్రానికున్న గ్రీజంతా తుడిచాను, అంటుకుంటుందేమోనని. ఒక్క చేత్తో తుడిచానురా."

హాల్వర్ టోపీ తీసి మంచం చివర పెట్టాడు.

అప్పుడే నర్సు బల్ల తోసుకుంటూ వచ్చింది, కట్లు మార్చడానికి. సీవర్ట్ ఆమెతో ఇంగ్లీషులో అన్నాడు: "ఇవాళ ఈయన మారుస్తాడమ్మా. మా ఆవిడ అన్నయ్య. అయినవాడు." ఆమె నవ్వి, పాపం చుట్టాల ముచ్చట అనుకుని, కత్తెర హాల్వర్ చేతికిచ్చింది.

హాల్వర్ మార్చాడు. కట్టు విప్పాడు, అంటుకున్నచోట నీళ్ళతో తడిపి విప్పాడు. ఆ మోడుల్ని తుడిచాడు. సీవర్ట్ పళ్ళు బిగించి అతని ముఖమే చూస్తున్నాడు. చెయ్యి వణుకుతుందేమోనని చూశాడు. వణకలేదు. కొత్త కట్టు కట్టి, ముడి వేసి, హాల్వర్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

"చూశావా" అన్నాడు సీవర్ట్ నాతో. "చెయ్యి కూడా వణకలేదు." అప్పుడు ఏడ్చాడు.

కచేరీవాళ్ళు విచారణ జరిపారు. సీవర్ట్‌ని కుర్చీలో తీసుకొచ్చారు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. హాల్వర్ కూడా అదే చెప్పాడు. ఇద్దరి మాటల్లో ఎక్కడా తేడా లేదు. విచారణ చేసిన కళ్ళద్దాల అధికారి అంతా విని, మేట్ తన కర్తవ్యం సరిగ్గా నిర్వర్తించాడని, ఎందరి ప్రాణాలో కాపాడాడని మెచ్చుకుని, లేచి కరచాలనం చేశాడు. తరవాత వచ్చి సీవర్ట్‌తో కూడా కరచాలనం చేశాడు. "మీ త్యాగం దేశం మరచిపోదు" అన్నాడు. "నేనేం త్యాగం చెయ్యలేదండీ, అరిచాను" అన్నాడు సీవర్ట్.

పొరపాటు దిద్దుతూ రెండో వార్త స్వీడన్‌కి పంపారు. మొదటిది చేరింది. రెండోది చేరలేదు. ఆ సంగతి యుద్ధం అయ్యేదాకా మాకెవరికీ తెలీదు.

నలభై అయిదు మే నెలలో ఉత్తరాలు మొదలయ్యాయి. స్కార్‌హోల్మ్ చర్చిలో సీవర్ట్ పేర ప్రార్థన చేసి, గంట కొట్టించి, రెండు శీతాకాలాలు నల్ల బట్టల్లో గడిపి, తోరా మళ్ళీ పెళ్ళి చేసుకుంది. ఎలియాస్ అని హెర్రింగ్ చేపలు పట్టేవాడు. నెమ్మదైన మనిషి. ఒక పాప కూడా పుట్టింది. ఆ ఉత్తరం హాల్వర్ పేర వచ్చింది. అతను దాన్ని నాకిచ్చి, "నువ్వు చెప్పు" అన్నాడు. అన్నీ చేసినవాడు ఆ ఒక్క పని మాత్రం చెయ్యలేకపోయాడు.

నేనే చెప్పాను. సీవర్ట్ చాలాసేపు కొయ్య పాదాల పట్టీలు బిగించుకుంటూ కూర్చున్నాడు. "వాడు ఒక్కసారి అరిస్తే ఎంత దూరం పోయిందో చూడు" అన్నాడు.

అయినా ఇంటికే బయల్దేరాడు. వేరే ఎక్కడికి పోతాడు? హాల్వర్ ముందు పడవకి వెళ్ళిపోయాడు. సీవర్ట్‌తో నేను వెళ్ళాను. మా రేవులో పడవ ఆగేసరికి తోరా నిలబడి ఉంది, పక్కన ఎలియాస్. దీవి జనమంతా వచ్చారు గానీ అందరూ షెడ్డు దగ్గరే ఆగిపోయారు. పోటు తక్కువగా ఉండి దిగే పలక నిటారుగా ఉంది. సీవర్ట్ కర్రలతో రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"మీ అన్న ఏడీ?" అని పైనుంచే అడిగాడు.

"ఇంట్లో ఉన్నాడు" అంది తోరా.

"పిలువు. దించుతాడు."

తోరా కదల్లేదు. ఎలియాస్ టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. పలకెక్కి వచ్చి, "నా మెడ పట్టుకోండి అన్నా" అన్నాడు. సీవర్ట్ పట్టుకోలేదు. అతనే రెండు చేతుల్లో ఎత్తుకుని, చేపల బుట్ట దించినంత జాగ్రత్తగా కిందికి తెచ్చి రాళ్ళ మీద నిలబెట్టాడు. తరవాత మళ్ళీ పైకెళ్ళి పెట్టె కూడా తెచ్చాడు. సీవర్ట్ తోరాని చూశాడు. "బాగున్నావా" అన్నాడు. ఆమె ఏదో అనబోయి నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది. అతను వాళ్ళమ్మ పాత ఇంటివైపు కర్రలు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి తోరా నాకు కబురంపింది. గ్లాస్గో నుంచి తెచ్చిన కాఫీ గింజల పొట్లం తీసుకుని వెళ్ళాను. ఆమె వంటగదిలో హెర్రింగ్ చేపల పొట్టలు చీలుస్తోంది. కూర్చోమని చెప్పి, కత్తి ఆపకుండానే అడిగింది.

"మా అన్న అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. ఒక్కటి మాత్రం అడగలేకపోయాను. సీవర్ట్ ఏమని అరిచాడు?"

"మీ అన్న పేరు."

"నా పేరు?"

అబద్ధం చెప్పొచ్చని తోచింది. "నీ పేరు వినపడలేదమ్మా" అన్నాను.

ఆమె చేపని తిప్పి పేగులు లాగి బాల్చీలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

"నువ్వూ ఆ పడవలోనే ఉన్నావు కదా ఆముండ్?"

"ఉన్నాను."

"నీకూ ఇంగ్లీషు వచ్చు."

"వచ్చు."

లోపల పాప నిద్ర లేచి ఏడుస్తుంటే చేతులు కడుక్కుని వెళ్ళింది. తిరిగొస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. లేచి వచ్చేశాను. కాఫీ పొట్లం బల్ల మీదే ఉంచాను. దాన్ని ఆమె తిరిగి పంపలేదు. అయిదేళ్ళుగా ఆ దీవిలో ఎవరూ కాఫీ మొహం చూడలేదు.